డ్యాన్స్ ప్యాడ్ గడి కొలత చెప్పి అమ్మండి: విశాఖ విక్రేతలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో ఆటవస్తువులు, గేమింగ్ సామాన్లు అమ్మే దుకాణదారులకు,
ఆన్‌లైన్‌లో మన ఊరికి సరుకు పంపే విక్రేతలకు,
ఈ సరుకు దిగుమతి చేసుకునే వ్యాపారులకు,
మాల్స్‌లో గేమ్ జోన్లు నడిపేవారికి,

అయ్యా, అమ్మా,

నమస్కారం. పాటకు తగ్గట్టు కాళ్లతో బాణాలు తొక్కుతూ ఆడే వీడియో గేములకు వాడే డ్యాన్స్ ప్యాడ్ గురించి, అంటే బాణం గుర్తుల గడులతో నేల మీద వేసే చాప లాంటి వస్తువు గురించి, ఈ లేఖ రాస్తున్నాను. మీరు అమ్మే ప్యాడ్‌లో ఒక్కో గడి ఎంత ఉంటుందో, ఎడమ గడికీ కుడి గడికీ మధ్య ఎంత దూరం ఉంటుందో, అది ఏ ఆటకు పనికొస్తుందో కొనేవాళ్లకు ముందుగా తెలియడం లేదు. అడిగినా చెప్పడం లేదు. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లం విడివిడిగా అడిగాం. జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

నేను అక్కయ్యపాలెంలో ఉంటాను. మా అపార్ట్‌మెంట్లోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ ఈ ఆట ఆడేవాళ్లం కొంతమందిమి ఉన్నాం. ఇంజినీరింగ్ చదివే పిల్లలు, రుషికొండ వైపు ఐటీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు, ఇంటి పని అయ్యేసరికి చీకటి పడిపోయి బీచ్ రోడ్డు దాకా వెళ్లి నడిచే వీలులేని ఆడవాళ్లు, రిటైరైన పెద్దవాళ్లు ఒకరిద్దరు. కిందటి ఏడాది, పేజీలో పెద్దవాళ్లు ఆడుతున్న ఫోటో చూపించిన ఒక ప్యాడ్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించాను. విప్పి పరిస్తే ఒక్కో గడి జానెడు కూడా లేదు. కాలు పెడితే మడమ ఒక గడిలో, వేళ్లు ఇంకో గడిలో. వెనక్కి తీసుకోమంటే, "ప్రొడక్ట్ పనిచేస్తోంది కదా మేడమ్, సైజు నచ్చలేదంటే రిటర్న్ ఉండదు" అన్నారు. సైజు ఎక్కడ రాశారో చూపించమని అడిగితే స్టాండర్డ్ సైజ్ అన్నారు. కొలత పంపమని మెయిల్ పెడితే "మీ ఫిర్యాదు అందింది" అనే ఆటోమేటిక్ మెసేజ్ తప్ప ఏమీ రాలేదు. సరే, ఊళ్లోనే చూసి కొనుక్కుందామని ఒక పెద్ద షాపుకు వెళ్తే, డబ్బా సీలు విప్పం, కొన్నాక ఇంటికెళ్లి చూసుకోండి అన్నారు. ఆ డబ్బా నాలుగు పక్కలా తిప్పి చూశాను. రంగురంగుల బొమ్మలున్నాయి, ధర ఉంది, కొలత లేదు. మా పక్క ఫ్లాటు అమ్మాయికి, గాజువాకలో ఉండే మా చెల్లెలి కొడుక్కి కూడా ఇంచుమించు ఇదే అనుభవం.

ఇదేదో చంటిపిల్లల కాలక్షేపం, దీనికి కొలతలేమిటి అనుకునేవాళ్లు మీలో ఉండవచ్చు. వారికోసం కొంచెం చెప్పాలి. 1998లో జపాన్ సంస్థ కొనామి డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్ అనే ఆర్కేడ్ మెషిన్, అంటే గేమ్ జోన్లలో పెట్టే పెద్ద ఆట మెషిన్, తెచ్చింది. తెర మీద బాణాలు కిందనుంచి పైకి వస్తుంటాయి. అవి పైనున్న గుర్తులను చేరే క్షణంలోనే ఆ దిక్కు గడిని తొక్కాలి. ఎడమ, కుడి, ముందు, వెనుక, ఇలా నాలుగు గడులు. మరుసటి ఏడాదే దక్షిణ కొరియా సంస్థ ఆండమిరో పంప్ ఇట్ అప్ తెచ్చింది. దానిలో నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు గడులు. ఇంట్లో ఆడుకునే మెత్తని ప్యాడ్లూ ఆ రోజుల నుంచే ఉన్నాయి. 2006లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, పిల్లల్లో ఊబకాయం తగ్గించాలని తన 765 ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఈ ఆట పెట్టడానికి పూనుకుంది. పావుగంట ఆడితే ఒళ్లంతా చెమటలు పట్టే ఆట ఇది. గుండెకు, కాళ్లకు మంచి పని. జిమ్‌కు నెలనెలా కట్టలేని ఇంట్లో దీని విలువ ఇంకా ఎక్కువ.

పైగా ఇలాంటి ఆటను ఇంట్లో ఆడించే స్టెప్‌మేనియా లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. టీవీనో మానిటరో ఎలాగూ ఇంట్లో ఉంటుంది. అంటే డబ్బు పెట్టి కొనాల్సింది ప్యాడ్ ఒక్కటే. ఆ ఒక్కటీ కాలికి సరిపోకపోతే ఆట మొత్తం పోయినట్టే.

ఇక కొలతల సంగతి. ఆర్కేడ్ మెషిన్‌లో ఒక్కో గడి 11 అంగుళాల చదరం, అంటే దాదాపు 28 సెం.మీ. అడ్డంగా మూడు, నిలువుగా మూడు గడుల చోటు లెక్కేస్తే పక్కకు 33 అంగుళాలు, సుమారు 84 సెం.మీ. ఎడమ గడి నడుమ నుంచి కుడి గడి నడుమకు 56 సెం.మీ. దూరం. పెద్దవాళ్ల పాదం మామూలుగా 23 నుంచి 27 సెం.మీ. ఉంటుంది కాబట్టి ఆ గడిలో పాదం నిండుగా ఆనుతుంది, చుట్టూ కాస్త జాగా మిగులుతుంది. పాట వేగం పెరిగినప్పుడు కింద చూడకుండా ఆడగలగడానికి ఆ మిగిలిన జాగాయే ఆధారం.

ఇళ్లలో వాడే మెత్తని ప్యాడ్లలో తరచుగా కనిపించే కొలత సుమారు 93 × 82 సెం.మీ. ఆ అంకెలు చూసి ఆర్కేడ్ సైజుకు సమానమే అనుకుంటాం. సమానం కాదు. పై అంచున స్టార్ట్, సెలెక్ట్ బటన్ల పట్టీ ఉంటుంది. పొడవులో కొంత దానికే పోతుంది. చుట్టూ కుట్టిన అంచు, గడుల మధ్య గీతలు ఇంకొంచెం తినేస్తాయి. అవి పోగా ఒక్కో గడికి మిగిలేది 25, 26 సెం.మీ. చాలామందికి అది చాలు, కాస్త ఆడితే కాళ్లు అలవాటు పడతాయి. అసలు ఇబ్బంది ఇంతకంటే చిన్నవాటితోనే. మొత్తం పక్క 60 సెం.మీ. ఉన్న ప్యాడ్‌లో గడి 20కి మించదు, ఎడమ కుడి నడుమ దూరం 40కి పడిపోతుంది. ఫోటోలో చూస్తే మాత్రం 60 సెం.మీ.దీ 93 సెం.మీ.దీ ఒక్కలాగే కనిపిస్తాయి. అవే బాణాలు, అవే రంగులు.

చిన్న ప్యాడ్ చెడ్డదని నేను అనడం లేదు. ఆరేళ్ల పాపకు అదే సరైనది. పెద్ద ప్యాడ్ మీద ఆ పాప ఎడమ కుడి గడులు రెండూ కలిపి తొక్కాలంటే కాళ్లు అందక బోర్లా పడుతుంది. ఏది ఎవరి కాలికో చెప్పి అమ్మమంటున్నాను, అంతే. చెప్పుల దుకాణంలో సైజు చెప్పకుండా జత చేతిలో పెట్టి, కట్టించుకున్న డబ్బు తిరిగివ్వం అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఈ కొలత దాచడం వల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. దెబ్బలు తగులుతున్నాయి. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. మన ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేస్తాం, ఉత్త కాళ్లతో ఆడతాం. గచ్చు చూస్తే టైల్స్, లేకపోతే గ్రానైట్. పల్చటి ప్యాడ్ అడుగున జారకుండా పట్టు లేకపోతే రెండో పాటకే అది ముడతలు పడి పక్కకు జరుగుతుంది. ఆడేవాళ్ల కళ్లు తెర మీద ఉంటాయి, ప్యాడ్ జరిగిన సంగతి కాలు జారాకే తెలుస్తుంది. చిన్న గడుల ప్యాడ్ అయితే ఇంకా ప్రమాదం. దగ్గర దగ్గరగా కాళ్లు పెట్టి, మునివేళ్ల మీద నిలబడి ఆడాలి. బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుంది, ఒక్క అడుగు తప్పితే చీలమండ మెలి తిరుగుతుంది. మా పై అంతస్తులో ఉండే పెద్దాయన ఇలాగే కాలు మడతపడి కొన్ని వారాలు బెల్టు కట్టుకుని తిరిగారు. డాక్టరు నడవమన్నారని మొదలుపెట్టిన మనిషి ఆయన. మళ్లీ ప్యాడ్ జోలికి రాలేదు.

2. డబ్బు పోతోంది. ఒకసారి కొన్నది సరిపోక రెండోది కొనాలి. రెండోదాని కొలత కూడా తెలియదు కాబట్టి అదీ జూదమే. మొదటిది అటక మీదికి చేరుతుంది.

3. ఒక ఆటకు కొన్న ప్యాడ్ ఇంకో ఆటకు పనికిరావడం లేదు. ఇది సైజుతో ముడిపడిన విషయమే, ఎందుకంటే గడులు ఎన్ని, ఎక్కడున్నాయి అన్నదాన్ని బట్టే నిలబడే తీరు మారుతుంది. నాలుగు బాణాల ప్యాడ్లలో మధ్య గడి చాలావరకు ఉత్తదే, తొక్కినా ఏమీ జరగదు. ఐదు గడుల ఆటకు ఆ మధ్య గడే ప్రాణం. పేజీలో "అన్ని డ్యాన్స్ గేములకూ" అని రాస్తారు. నమ్మి కొన్న పిల్లాడు మధ్యలో ఎంత తొక్కినా తెర మీద మిస్ అనే వస్తుంది. ఇంకో చిక్కు కంప్యూటర్‌తో. పాత గేమ్ కన్సోల్ ప్యాడ్‌ను కంప్యూటర్‌కు కలిపే కొన్ని అడాప్టర్లు నాలుగు బాణాలను నాలుగు విడి బటన్లుగా పంపవు, జాయ్‌స్టిక్ దిక్కులుగా పంపుతాయి. జాయ్‌స్టిక్ ఒకేసారి ఎడమకూ కుడికీ తిరగదు కదా. కాబట్టి రెండు కాళ్లతో ఎడమ కుడి కలిపి గెంతితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని రెండూ లెక్కలోకి రావు. ప్యాడ్ పాడైందనుకుని పారేసినవాళ్లు నాకు తెలుసు. ప్యాడ్ బాగానే ఉంది, ఎవరూ చెప్పకపోవడమే లోపం.

4. పిల్లలు తమలోనే ఏదో లోపం ఉందనుకుంటున్నారు. ఈ ఆటలో కాలం లెక్క చాలా సన్నం. డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్‌లో అన్నిటికంటే మంచి మార్కు రావాలంటే బాణం చేరే క్షణానికి సెకనులో అరవయ్యో వంతు అటూ ఇటుగా తొక్కాలి. పాదం గడి అంచు మీద పడితే లోపలి పొరలు కలవవు, తొక్కినట్టే లెక్క రాదు. మెత్తని ప్యాడ్ లోపల విద్యుత్తు ప్రవహించే రెండు పొరలుంటాయి, వాటి మధ్య చిల్లులున్న స్పాంజి పొర ఉంటుంది. కాలు నొక్కితే ఆ చిల్లుల్లోంచి పై పొర కింది పొరను తాకుతుంది. అంచుల్లో చిల్లులుండవు. కాబట్టి గడి ఇరవై అని రాసినా పనిచేసే జాగా అంతకంటే తక్కువే. తాళజ్ఞానం నిండుగా ఉన్న పిల్ల, మా పక్కింట్లో కూచిపూడి నేర్చుకుంటున్న అమ్మాయి, "నాకు లయ రావట్లేదేమో ఆంటీ" అని మానేసింది. వేరేచోట కొలత సరిపోయిన ప్యాడ్ మీద నిలబెడితే అదే పాట ఒక్క అడుగు కూడా తప్పకుండా ఆడింది. ఆ పిల్ల మొహం చూశాకే ఈ లేఖ రాయాలని గట్టిగా అనుకున్నాను.

5. అద్దె ఇళ్లలో జాగా కుదరడం లేదు. అక్కయ్యపాలెం, కంచరపాలెం, మర్రిపాలెం వైపు మామూలు హాలు పది అడుగులకు పన్నెండు అడుగులుంటే గొప్ప. సోఫా, టీవీ స్టాండు పోగా మిగిలిన చోట ప్యాడ్ వేయాలి, దాని చుట్టూ పడితే పట్టుకోవడానికి, చేతులు ఊపడానికి ఇంకో రెండడుగులు ఉండాలి. స్పాంజి దిమ్మ ఉన్న ప్యాడ్ అంగుళం మందం ఉంటుంది, మడిచి బీరువా వెనక పెట్టడం కుదరదు. రేకు ప్యాడ్ అయితే మంచం కిందికి కూడా దూరదు, బరువు ఎక్కువ, కింది ఫ్లాటువాళ్లకు చప్పుడు. ఇవన్నీ ముందే చూసుకోవాలంటే పరిచినప్పుడు కొలత, సర్దినప్పుడు కొలత, మందం, బరువు తెలియాలి. డబ్బా మీద ఇవేవీ లేవు.

6. సముద్రం పక్కన ఉన్నాం. ఉప్పుగాలికి ఇనుప గేట్లే తుప్పు పడతాయి, రేకు ప్యాడ్ లోపలి లోహపు బిళ్లలు ఎంత? వానాకాలం చెమ్మకు ప్లాస్టిక్ పొరలు అతుక్కుని, తొక్కకుండానే బాణం నొక్కినట్టు చూపిస్తాయి. మెత్తని ప్యాడ్‌ను మడత పెడితే మడత దగ్గర లోపలి పొర పగులుతుంది, చుట్టి పెట్టాలి. ఈ రెండు మాటలు తెలుగులో ఒక చీటీ మీద రాసి డబ్బాలో పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

7. చిన్నపిల్లల సంగీతపు చాపలు, అంటే బ్యాటరీ వేస్తే లైట్లు వెలిగి పాటలు వచ్చేవి, డ్యాన్స్ ప్యాడ్ అనే పేరుతోనే పక్కపక్కన అమ్ముడవుతున్నాయి. వాటిని టీవీకి గానీ కంప్యూటర్‌కు గానీ కలపలేం. పుట్టినరోజుకు కొనిపెట్టిన తాతయ్యకు ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఇవేవీ కొత్తగా చట్టం చేయాల్సిన విషయాలు కావు. ఉన్న చట్టమే చాలు. 2011 నాటి లీగల్ మెట్రాలజీ (ప్యాకేజ్డ్ కమోడిటీస్) రూల్స్‌లో 6వ నియమం, వస్తువు సైజు ముఖ్యమైన చోట దాని కొలతలు ప్యాకెట్ మీద రాయాలంటుంది. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, వినియోగదారులు సంప్రదించాల్సిన వివరాలు కూడా ఉండాలి. 2018 నుంచి ఆన్‌లైన్ అమ్మకాల పేజీలో కూడా తప్పనిసరి వివరాలు కనిపించాలి. కాళ్లతో తొక్కే వస్తువుకు సైజు ముఖ్యం కాదని ఎవరనగలరు?

2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఇంకొంచెం ముందుకెళ్లాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని విక్రేత అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆటోమేటిక్ మెసేజ్ పంపి ఊరుకోవడం పరిష్కారం కాదు. 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే వస్తువు అని అమ్మితే 2021 జనవరి 1 నుంచి దానికి ఐఎస్ఐ మార్కు ఉండి తీరాలి. పేజీలో పిల్లల బొమ్మ వేసి, మార్కు అడిగితే ఇది పెద్దల గేమింగ్ సామాను అనడం, సైజు అడిగితే పిల్లలది కదా మేడమ్ అనడం, ఈ రెండు నాలుకల మాట ఇకనైనా మానాలి.

నేను, నాతోపాటు ఈ ఆట ఆడేవాళ్లందరం మిమ్మల్ని అడిగేవి ఇవి.

డబ్బా మీదా ఆన్‌లైన్ పేజీలోనూ మొత్తం పొడవు, వెడల్పు మాత్రమే కాదు, ఒక్కో గడి లోపలి కొలత సెంటీమీటర్లలో రాయాలి. ఎడమ గడి నడుమ నుంచి కుడి గడి నడుమకు ఉన్న దూరం రాయాలి. మందం, బరువు, ఎంత బరువున్న మనిషి దాకా తట్టుకుంటుందన్నది రాయాలి. ఈ జాబితాలో దేన్నైనా వదిలేయాల్సి వస్తే మిగతావాటిని వదలండి గానీ గడి కొలతను వదలొద్దు. ప్యాడ్ మీద టేపు పరిచి తీసిన ఒక ఫోటో పేజీలో పెడితే సగం గొడవ అక్కడితో తీరిపోతుంది.

ఎన్ని గడులు పనిచేస్తాయో, మధ్య గడి పనిచేస్తుందో లేదో రాయండి. కంప్యూటర్‌కు కలిపినప్పుడు ఎడమ, కుడి ఒకేసారి తొక్కితే రెండూ తీసుకుంటుందో లేదో మీరే ఒకసారి తొక్కి చూసి రాయండి. దీనికి మెషిన్లు, ఇంజినీర్లు అక్కర్లేదు. షాపులో పనిచేసే కుర్రాడు రెండు నిమిషాల్లో చూసి చెప్పగలడు.

షాపుల్లో ప్రతి రకానికి ఒక ప్యాడ్ విప్పి కింద పరిచి ఉంచండి. ద్వారకానగర్, డాబాగార్డెన్స్, జగదాంబ చుట్టుపక్కల షాపుల్లో జాగా ఇరుకని నాకు తెలుసు. జాగా లేకపోతే ఒక అట్ట మీద ఆ గడి ఎంతుందో అంత చదరం గీసి గోడకు తగిలించండి, వచ్చినవాళ్లు కింద వేసి పాదం పెట్టి చూసుకుంటారు. పాదం చుట్టూ వేలెడు జాగా మిగిలితే కొంటారు, లేకపోతే ఇంకో సైజు అడుగుతారు. మీకు బేరం పోదు. వెనక్కి వచ్చే సరుకు తగ్గుతుంది.

కొలత రాయకుండా అమ్మిన ప్యాడ్ సరిపోలేదని తెచ్చినవాళ్లకు మారుమాట లేకుండా వెనక్కి తీసుకోవాలి. పార్శిల్ ఖర్చు కొన్నవాళ్ల మీద వేయకూడదు.

దిగుమతి చేసుకునేవారికి ఒక్క మాట. మీరు కంటెయినర్‌లో తెప్పించే ముందే రెండు సైజులూ కొంచెం కొంచెం తెప్పించండి. గడి 20 సెం.మీ. లోపు ఉన్నవాటి మీద పిల్లలకు అని, 25 సెం.మీ. పైన ఉన్నవాటి మీద పెద్దలకు అని తెలుగులో స్టిక్కర్ వేయండి. మధ్యలో ఉన్నవాటి మీద పాదం ఎంత పొడవున్నవారికి సరిపోతుందో అంకె వేయండి.

గేమ్ జోన్లు నడిపేవారికి వేరే విన్నపం. మీ దగ్గరున్న డ్యాన్స్ మెషిన్ మీదే ఈ ఊళ్లో చాలామంది మొదటిసారి కాలు పెడతారు. అసలు కొలత ఎంతో కాళ్లకు తెలిసేది అక్కడే. అలాంటి మెషిన్‌లో ఒక గడి పనిచేయకుండా వారాల తరబడి అలాగే ఉంచి, కార్డు మాత్రం గీయించుకోవడం న్యాయం కాదు. పాడైన గడి ఉంటే ఆ సంగతి మెషిన్ మీద రాసి పెట్టండి, బాగుచేసేదాకా సగం డబ్బే తీసుకోండి. గడుల మధ్య లేచిన రేకు అంచులు ప్రతి వారం చూడండి. వెనకాల పట్టుకునే కడ్డీ ఊగుతుంటే మెషిన్ ఆపేయండి. పిల్లలకు ఎత్తు లెక్క పెట్టి ఆపడం కంటే, పక్కన ఒక మనిషిని నిలబెట్టడం మేలు.

జిల్లా తూనికలు కొలతల శాఖ అధికారులను కూడా గౌరవంగా అడుగుతున్నాను. పండగల ముందు మిఠాయి దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో తనిఖీలు చేసినట్టే, వేసవి సెలవులకు ముందు ఒక్కసారి ఆటవస్తువుల డబ్బాలు కూడా చూడండి. ఎన్నిటి మీద కొలత ఉందో, ఎన్నిటి మీద దిగుమతిదారు చిరునామా ఉందో మీకే తెలుస్తుంది. ఆ వివరాలు బయటపెడితే కొనేవాళ్లం ఎవరి దగ్గర కొనాలో మేమే తేల్చుకుంటాం.

ఇప్పటికే మోసపోయిన తోటి కొనుగోలుదారులు బిల్లు, పేజీ స్క్రీన్‌షాట్, ప్యాడ్ మీద టేపు పెట్టి తీసిన ఫోటో, ఈ మూడూ దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసే దారి ఉంది. చిన్న మొత్తం కదా అని వదిలేయొద్దు. మనం వదిలేసిన ఆ చిన్న మొత్తాల మీదే ఈ వ్యాపారం ఇలా నడుస్తోంది.

ఈ లేఖ చూసిన తేదీ నుంచి నెలలోపు మీ పేజీల్లో, మీ డబ్బాల మీద గడి కొలత కనిపించాలని కోరుతున్నాను. చూపించిన ప్రతి విక్రేత పేరూ మా ఆటగాళ్లందరికీ చెబుతాం, కొనేది వాళ్ల దగ్గరే కొంటాం. చూపించనివారి పేజీల స్క్రీన్‌షాట్లు తీసి, 6వ నియమం కింద ఒక్కోదానికి విడిగా రాతపూర్వక ఫిర్యాదు పెడతాం. కొలవడం ఎలాగో తెలియదని ఎవరైనా అంటే, ఏ ఆదివారమైనా సరే, టేపు పట్టుకుని మీ షాపుకు మేమే వస్తాం. ఉన్న సరుకంతా కొలిచి చీటీలు రాసిస్తాం, పైసా తీసుకోం.

ఇట్లు,
అక్కయ్యపాలెం నుంచి ఒక కొనుగోలుదారు,
విశాఖపట్నం